లారీ ఇంజనులో సింథటిక్ నూనె: ఎన్నాళ్ళకు మార్చవలె?

లారీ ఉన్న ఇంట ఈ ప్రశ్న ఏడాదికి రెండు మూడు సార్లైనా తలెత్తుతుంది. "ఈసారి ఖరీదైన సింథటిక్ ఆయిల్ పోయించాము. ఇక ఎన్ని కిలోమీటర్ల వరకు చూడనక్కరలేదు?" అని. దుకాణదారు 40,000 అంటాడు. షెడ్డులోని మేస్త్రీ 15,000 దాటనివ్వవద్దంటాడు. డ్రైవరు గేజి కడ్డీ తీసి చూసి, నూనె అప్పుడే నల్లబడిపోయింది, రేపే మార్చేద్దామంటాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజమున్నది. కాని ఆ మూడింటిలో ఏదీ మీ బండి ఏ పని చేస్తున్నదో చూసి చెప్పిన మాట కాదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఈ వ్యాసం వ్రాస్తున్నది మేస్త్రీ కాదు, బడిపంతులు. మా బళ్ళారి, సండూరు, హోస్పేట ప్రాంతాలలో ఇంట తెలుగు, వీధిలో కన్నడం, బండితో వచ్చిన పుస్తకంలో ఇంగ్లీషు. ఆ పుస్తకం చేతబట్టుకొని, "అయ్యవారూ, ఇందులో ఆయిల్ సంగతి ఏమి వ్రాశారో కొంచెం చదివి చెప్పండి" అని వచ్చే తల్లిదండ్రులు ఉన్నారు. వారికి విడివిడిగా చెప్పుతూ వచ్చిన విషయాన్ని ఇక్కడ ఒకచోట చేరుస్తున్నాను. సరిహద్దుకు ఆవలి గుంతకల్లు, రాయదుర్గం వైపు గ్రామాలకు గాని, కృష్ణగిరి, హోసూరు ప్రాంతాలలోని మనవారికి గాని లెక్క ఇదే. ఇంజను ఏ భాషా ఎరుగదు.

మొదటే ఒక మాట చెప్పివేయడం మంచిది. సింథటిక్ నూనె పోసినంత మాత్రాన మార్పిడి గడువు రెండింతలు కాదు. ఇంజనులో నూనె రెండు విధాల పాడవుతుంది. ఒకటి, వేడికి అది తనకు తానుగా ముదిరిపోవడం. రెండవది, బయటి మలినాలు వచ్చి చేరడం. సింథటిక్ నూనె మొదటిదానిని చాలా దూరం ఆపుతుంది. రెండవదానిని ఆపలేదు. మన గనుల రోడ్లమీద తిరిగే బండ్లలో నూనెను చంపేది ఎక్కువగా ఆ రెండవదే.

నూనె చేసే పని

ఇంజను నూనె అంటే జారుడు కోసమే అనుకుంటాము. కాని డీజిల్ ఇంజనులో దానికి మరి మూడు పనులున్నవి. పిస్టన్ల అడుగున, టర్బోలోని బేరింగులవద్ద పుట్టే వేడిని మోసుకొనిపోవడం ఒకటి. డీజిల్ మండినప్పుడు పుట్టే మసిని గడ్డకట్టనీయక, సన్నని రేణువులుగా విడదీసి తనలో పట్టి ఉంచుకోవడం మరొకటి. డీజిల్‌లోని గంధకం వలన ఏర్పడే ఆమ్లాలను విరిచివేయడం ఇంకొకటి. ఈ చివరి రెండు పనులకోసం నూనెలో కొన్ని రసాయనాలు కలుపుతారు. అవి పనిచేస్తున్నకొద్దీ ఖర్చు అయిపోతుంటవి. వంటింటిలో చింతపండు తిన్న పులుపును తగ్గించడానికి సోడా ఉప్పు వేస్తే ఆ సోడా ఖర్చయినట్లే, నూనెలోని క్షారం కూడా ఆమ్లాన్ని విరుస్తూ తాను తరిగిపోతుంది. క్షారం అయిపోయిన తరువాత నూనె చూపులకు ఎప్పటిలాగే ఉంటుంది. బేరింగులను మాత్రం ఆమ్లం తినడం మొదలు పెడుతుంది.

దీనివలన రెండు సంగతులు తేలుతున్నవి. డీజిల్ ఇంజనులో నూనె నల్లబడటం తప్పు కాదు. కొత్త నూనె పోసిన కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. మసిని పట్టుకొనడమే దాని పని కనుక, నల్లబడకపోతేనే అనుమానించవలె. రంగును చూసి మార్చే డ్రైవరు మంచి నూనెను పారబోయిస్తున్నాడు. రెండవ సంగతి దీనికంటె ముఖ్యమైనది. మసి గాని ఆమ్లం గాని పుట్టేది మండిన డీజిల్ నుండి. అంటే నూనె మీద పడే భారాన్ని నిర్ణయించేది బండి నడిచిన దూరం కాదు, ఇంజను త్రాగిన డీజిల్.

సింథటిక్ అంటే ఏమిటి

మామూలు నూనెను, అంటే మినరల్ ఆయిల్‌ను, ముడి చమురును శుద్ధి చేసి తీస్తారు. అందులో చిన్నవీ పెద్దవీ రకరకాల అణువులు కలగలిసి ఉంటవి. బియ్యంలో నూక, వడ్లు, మట్టిబెడ్డ కలిసినట్లు అనుకోండి. ఎంత ఏరినా కొంత మిగులుతుంది. వేడికి ముందుగా పాడయ్యేవి ఆ కలగలుపు అణువులే. సింథటిక్‌లో అణువులు ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉండేటట్లు కర్మాగారంలో నిర్మిస్తారు. లేదా ముడి చమురు నుండి వచ్చిన దానినే అధిక ఒత్తిడిలో హైడ్రోజన్‌తో మార్చి దాదాపు ఆ స్థితికి తెస్తారు. నేడు దుకాణాలలో సింథటిక్ పేరుతో దొరికే వాటిలో ఈ రెండవ రకం చాలా ఉన్నది. అందులో మోసమేమీ లేదు, అదీ మంచి నూనే. "సెమీ సింథటిక్" అన్నచోట మాత్రం సింథటిక్ పాలు ఎంతో డబ్బామీద సాధారణంగా వ్రాయరు.

నూనె వేడి ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడల్లా అది ముదిరే వేగం సుమారు రెండింతలవుతుందని ఒక మోటు లెక్క ఉన్నది. మే నెలలో 40 డిగ్రీల ఎండలో, నిండు లోడుతో ఘాటు ఎక్కే లారీలో, ముఖ్యంగా టర్బో దగ్గర, నూనె పడే పాట్లు ఆ లెక్కను బట్టి ఊహించుకోవచ్చు. అక్కడ మినరల్ నూనె చిక్కబడి, జిగురై, బొగ్గులా అంటుకుంటుంది. సింథటిక్ తట్టుకుంటుంది. పలుచదనం నిలుపుకొనడంలోను, తక్కువ ఆవిరై పోవడంలోను కూడా అది మేలు. ఇవి నిజమైన లాభాలు.

చలిలో ఇంజను త్వరగా కదలడం అనేది సింథటిక్ గొప్పగా చెప్పుకొనే మరొక గుణం. అది కాశ్మీరంలో తిరిగే బండికి ప్రాణప్రదం. డబ్బామీద 15డబ్ల్యు-40 అని ఉంటే మొదటి అంకె చలిలోని పలుచదనానికి, రెండవది 100 డిగ్రీల వేడిలోని చిక్కదనానికి గుర్తులు. మొదటి అంకె ఎంత చిన్నదైతే అంత చలికి ఓర్చుకుంటుంది. మన పౌష్యమాసపు రాత్రులకు 15 అంకె చాలును. కాబట్టి కేవలం ఆ అంకెను చూసి ఎక్కువ డబ్బు పెట్టడం మనవైపు అనవసరం. రెండవ అంకె మాత్రం పుస్తకంలో చెప్పినదే ఉండవలె. 40 అన్నచోట 30 పోయరాదు, 30 అన్నచోట "చిక్కగా ఉంటే మంచిది గదా" అని 40 పోయరాదు.

ఇక సింథటిక్ ఆపలేనివి. ఇనుప ఖనిజపు ఎర్రదుమ్ము గాలి ఫిల్టరు సందులనుండి లోనికి పోతే, అది ఏ నూనెలోనైనా ఆకురాయి పొడిలాగానే పనిచేస్తుంది. నాజిల్ కారి డీజిల్ నూనెలో కలిస్తే ఏ నూనె అయినా పలుచనైపోతుంది. హెడ్ గ్యాస్కెట్ పోయి నీరు కలిస్తే ఏ నూనె అయినా పాలు పోసిన కాఫీలా మారుతుంది. మసి కూడా అంతే. దానిని మోయగల శక్తి నూనెలోని రసాయనాలది, మూల నూనెది కాదు. ఖరీదైన నూనె పోసి, వాయు ఫిల్టరు గొట్టానికి వదులైన క్లిప్పును అలాగే వదలివేయడం వంటి అవివేకం మరొకటి లేదు.

కిలోమీటరు లెక్క ఎక్కడ తప్పుతుంది

మన ఇళ్ళలో ట్రాక్టరుకు నూనె మార్చడం ఎవరికీ సమస్య కాదు. గంటల మీటరు చూస్తారు. చాలా ట్రాక్టర్ల పుస్తకాలలో 250 గంటల లెక్క ఉంటుంది. మీటరు అక్కడికి రాగానే మారుస్తారు. పొలంలో దూరానికి అర్థం లేదని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. అదే రైతు లారీ కొన్న తరువాత కిలోమీటర్ల లెక్కకు అలవాటుపడిపోతాడు. రహదారి లారీకి అది చెల్లుతుంది. గనిలోని లారీకి చెల్లదు.

ఒకే ఊరిలో ఒకే రకపు లారీలు రెండున్నవనుకొందాము. ఒకటి బళ్ళారి నుండి బెంగుళూరుకు, చెన్నైకి సరుకు తోలుతుంది. నాలుగు వరుసల రోడ్డుమీద గంటకు సగటున 50 కి.మీ. నడుస్తుంది. లీటరుకు 4 కి.మీ. ఇస్తుంది. రెండవది సండూరు గనుల నుండి తోరణగల్లుకు ఖనిజం తోలుతుంది. గని లోపల ఎత్తు, పల్లం, మట్టి. లోడింగు వద్ద వరుస, కాటా వద్ద వరుస, ఫ్యాక్టరీ గేటు వద్ద మరొక వరుస. అన్నిచోట్లా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. ఇది లీటరుకు 2.5 కి.మీ. కంటె ఎక్కువ ఇవ్వదు. రెండు లారీల పుస్తకాలలోనూ 20,000 కి.మీ.కు నూనె మార్చమని ఉన్నదనుకోండి.

మొదటి లారీ 20,000 కి.మీ. తిరిగే సరికి 5,000 లీటర్ల డీజిల్ మండించింది. రెండవది అంతే దూరానికి 8,000 లీటర్లు మండించింది. మసి, ఆమ్లం పుట్టేది డీజిల్ నుండి గనుక, ఆ 5,000 లీటర్ల భారమే కొలత అనుకుంటే రెండవ లారీకి గడువు 12,500 కి.మీ. వద్దనే తీరిపోయింది. మిగిలిన 7,500 కి.మీ. అది అలసిపోయిన నూనెతో తిరిగినట్లు. ఇది ఒక మార్పిడికి జరిగే సంగతి. ఇలా మూడు నాలుగు ఏళ్ళు జరిగితే లైనర్లు అరిగి, పొగ మొదలై, ఇంజను దించవలసి వస్తుంది. బండి కంతులు ఇంకా తీరకముందే ఇంజను పనికి మరొక అప్పు చేసిన కుటుంబాలు మన ఊళ్ళలో ఎన్నో ఉన్నవి. వారిలో చాలామంది "నేను పుస్తకం ప్రకారమే మార్చాను గదా" అని బాధపడతారు. మార్చిన మాట నిజమే. పుస్తకంలో రెండు వరుసలుంటవి, వారు చూసినది మొదటి వరుస.

అవును, చాలా కంపెనీల పుస్తకాలలో మామూలు వాడకానికి ఒక గడువు, కఠిన వాడకానికి వేరొక గడువు ఇస్తారు. గనులు, క్రషర్లు, టిప్పరు పని, దుమ్ము దారులు, ఎక్కువసేపు నిలిచి తిరిగే ఇంజను, ఇవన్నీ కఠిన వాడకం క్రిందికే వస్తవి. ఆ వరుసలో గడువు సగానికి దగ్గరగా తగ్గి ఉండటం, కొన్నింటిలో గంటల లెక్కగా ఉండటం చూడవచ్చు. పుస్తకం చదివించుకొనేటప్పుడు "మైనింగ్", "టిప్పర్" అన్న మాటలు ఎక్కడున్నవో వెతికి చూపించమని అడగండి. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టగల ఆరవ తరగతి పిల్లవాడు చాలు.

నిలిచి తిరిగే ఇంజను విషయం మరికొంత చెప్పవలసి ఉన్నది. కాటా వద్ద నాలుగు గంటలు ఇంజను ఆపకుండా ఉంటే మీటరులో ఒక్క కిలోమీటరు కూడా పెరగదు. నూనె మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పైగా చల్లని ఇంజనులో డీజిల్ సరిగా మండక కొంత గోడలవెంట జారి నూనెలో కలుస్తుంది. ఒక గంట నిలిచి తిరగడాన్ని సుమారు 40 కి.మీ. ప్రయాణంగా లెక్కించడం లారీలవారిలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఆ లెక్కన చూడండి. రోజుకు 120 కి.మీ. తిరిగి, నాలుగు గంటలు వరుసలో నిలిచి తిరిగే బండికి ఒక రోజు 280 కి.మీ.తో సమానం. మీటరు 10,000 చూపించేసరికి ఇంజను దాదాపు 23,300 కి.మీ. పని చేసింది! అందుకే వరుస కదలకుండా ఉన్నప్పుడు ఇంజను ఆపడం డీజిల్ ఆదాకు మాత్రమే కాదు, నూనె ఆదాకు కూడా.

ఇంటిలో ఉంచుకోదగిన లెక్క

ఇందుకు చౌకైన ఉపాయం ఒకటున్నది. ఒక నోటుబుక్కులో నూనె మార్చిన తేదీ, మీటరు అంకె వ్రాయండి. ఆ రోజు నుండి బంకు రసీదులలోని లీటర్లను కూడుతూ పోండి. పుస్తకంలోని మామూలు గడువును లీటర్లలోకి మార్చుకొని, ఆ మొత్తం నిండగానే నూనె మార్చించండి. పైన చూపిన 5,000 లీటర్లు ఉదాహరణకే. మీ బండి పుస్తకంలోని కిలోమీటర్లను, ఆ రకపు బండి మంచి రోడ్డుమీద లీటరుకు ఇచ్చే కిలోమీటర్లతో భాగిస్తే మీ అంకె వస్తుంది. లీటర్లు నిండకముందే పుస్తకంలోని కిలోమీటర్లు గాని, కఠిన వాడకపు గడువు గాని, నెలల గడువు గాని ముందు వస్తే దానినే పాటించవలె. అంటే ఈ లెక్క గడువును తగ్గించడానికే గాని పెంచడానికి కాదు. సరిహద్దుకు ఈవల కొంత, పన్ను తేడాను బట్టి ఆవల కొంత డీజిల్ పోయించే అలవాటు మనకున్నది గనుక రెండువైపుల రసీదులూ చేరవలె. ఈ పని ఇంటిలో ఆడవారు గాని పిల్లలు గాని చేస్తేనే నిలుస్తుందని నా అనుభవం. డ్రైవరుకు అప్పగిస్తే రసీదులు టూల్ పెట్టెలోనే ఉండిపోతవి.

నెలల గడువు ఎందుకని అడుగుతారు. 2011 జులైలో సుప్రీం కోర్టు బళ్ళారి జిల్లాలో ఇనుప ఖనిజపు తవ్వకాన్ని నిలిపివేసినప్పుడు లారీలు ఎలా వరుసలుగా నిలిచిపోయినవో పెద్దలకు జ్ఞాపకముంటుంది. మరల తవ్వకం కొద్దికొద్దిగా మొదలవడానికి ఏడాదికి పైగా పట్టింది. కదలని బండిలో నూనె ఖర్చు కాదు గదా అనిపిస్తుంది. కాని వాడిన నూనెలో అప్పటికే ఆమ్లం, తేమ చేరి ఉంటవి. పగటి ఎండకు, రాత్రి చలికి ఛాంబరులో చెమ్మ చేరుతుంది. ఆ నూనె బేరింగుల మీద నెలల తరబడి నిలిచి ఉంటే లోహాన్ని కొరుకుతుంది. అందుచేత దూరంతో నిమిత్తం లేకుండా ఏడాదికి ఒకసారైనా మార్చమని సాధారణంగా పుస్తకాలు చెప్పుతవి. బండిని చాలాకాలం నిలపవలసి వస్తే, పాత నూనెతో కాక, కొత్త నూనె పోసి ఇంజను కాసేపు తిప్పి నిలపడం మేలు.

డబ్బామీద ఏమి చదవవలె

సింథటిక్ అన్న పెద్ద అక్షరాలకంటె, వెనుకవైపు చిన్న అక్షరాలలో ఉండే గుర్తు ముఖ్యం. ఏ.పి.ఐ. అన్న మాట ప్రక్కన సి.ఐ-4, సి.ఐ-4 ప్లస్, సి.జె-4, సి.కె-4 వంటి గుర్తులుంటవి. మొదటి అక్షరం 'సి' అయితే డీజిల్ ఇంజనుకు, 'ఎస్' అయితే పెట్రోలు ఇంజనుకు. రెండవ అక్షరం ముందుకు పోయినకొద్దీ తరువాతి కాలపు నూనె. సి.ఐ-4 2002లో వచ్చింది, సి.జె-4 2006లో, సి.కె-4 2016 చివరలో. ఎఫ్.ఎ-4 అనే పలుచని రకం కూడా ఉన్నది. పుస్తకంలో ఆ పేరు ప్రత్యేకంగా చెప్పితే తప్ప దాని జోలికి పోరాదు.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా వచ్చిన బి.ఎస్-6 బండ్లకు ఈ గుర్తు ప్రాణం వంటిది. వాటి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. మసిని అది మధ్య మధ్య కాల్చివేస్తుంది. కాని నూనెలోని రసాయనాలు కాలితే మిగిలే బూడిద కాలదు, అందులోనే పేరుకుంటుంది. అందుకే సి.జె-4, సి.కె-4 నూనెలలో బూడిదను 1 శాతం లోపలికి కట్టడి చేశారు. పాత బండికి పోసే సి.ఐ-4 నూనెను, అది ఎంత మంచి సింథటిక్ అయినా సరే, బి.ఎస్-6 బండిలో పోస్తే ఆ ఫిల్టరు త్వరగా పూడుతుంది. దాని ఖరీదు చాలా నూనె మార్పిడుల ఖర్చుకు సమానం. కంపెనీ తన స్వంత ఆమోదపు గుర్తు పేర్కొంటే అదీ డబ్బామీద ఉండవలె.

బూడిద తగ్గించినందున ఈ నూనెలలో ఆమ్లాన్ని విరిచే క్షారం కూడా కొంత తక్కువ. బి.ఎస్-4 కాలపు డీజిల్‌లో పది లక్షల పాళ్ళకు 50 పాళ్ళ వరకు గంధకం ఉండేది, బి.ఎస్-6 డీజిల్‌లో 10 పాళ్ళే. ఆ శుభ్రమైన డీజిల్‌ను నమ్మి నూనెను అలా తయారుచేశారు. రోడ్డు ప్రక్కన డ్రమ్ములలో, బయోడీజిల్ పేరుతోనో పరిశ్రమల నూనె పేరుతోనో చౌకగా అమ్మే సరుకు పోస్తే ఈ లెక్కలన్నీ తలక్రిందులవుతవి. లీటరుకు పది రూపాయలు మిగిలినట్లు కనిపిస్తుంది, గడువు ఎంత తగ్గిందో ఎవరికీ తెలియదు.

దూరప్రయాణపు కొత్త లారీలలో కొన్నింటికి 80,000, లక్ష కిలోమీటర్ల గడువు కూడా చెప్పుతున్నారు. అది అబద్ధం కాదు. పెద్ద ఛాంబరు, మంచి ఫిల్టర్లు, శుభ్రమైన డీజిల్, తగిన నూనె, ఆగకుండా సాగే ప్రయాణం, ఇవన్నీ కలిస్తేనే ఆ అంకె. ఆ బండి కోసం చెప్పిన గడువును, అదే నూనె పోసినంత మాత్రాన 2008 నాటి టిప్పరుకు వర్తింపజేయడం మాత్రం పొరపాటు. వారంటీలో ఉన్న బండికైతే నూనె ఎంత గొప్పదైనా పుస్తకపు గడువు దాటించరాదు. బిల్లులు దాచి ఉంచవలె.

నూనెను చూసి తెలిసేవి కొన్ని

రంగు ఏమీ చెప్పదన్నాను. గేజి కడ్డీ మాత్రం చాలా చెప్పుతుంది. రోజూ ఉదయం, బండి చదునుగా ఉన్నచోట, ఇంజను తిప్పకముందు చూడవలె. మట్టం తగ్గితే నూనె కాలుతున్నదో కారుతున్నదో అన్నమాట. మట్టం పెరిగితే సంతోషించరాదు, అది ఇంకా చెడ్డ గుర్తు. డీజిల్ గాని నీరు గాని కలుస్తున్నది. వాసన చూస్తే డీజిల్ తెలిసిపోతుంది. బి.ఎస్-6 బండ్లలో మసి ఫిల్టరును కాల్చుకొనే సమయాన కొంత డీజిల్‌ను అదనంగా చిమ్మే ఏర్పాటు కొన్ని ఇంజనులలో ఉన్నది. ఆ పని పూర్తికాకముందే మాటిమాటికి ఇంజను ఆపితే అది నూనెలోకి దిగుతుంది.

బడిలో సిరా చుక్కను కాగితంమీద వేసి రంగులు విడిపోవడం చూపిస్తాము. నూనెకూ అటువంటి పరీక్ష ఉన్నది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు గేజి కడ్డీ కొసనుండి ఒక చుక్కను అద్దుడు కాగితం మీద గాని వడపోత కాగితం మీద గాని వేసి, క్రింద తగలకుండా ఒక గ్లాసు అంచున పరచి కొన్ని గంటలు వదలండి. మసి నడుమనుండి అంచువరకు సమంగా, మెల్లగా పలుచబడుతూ పాకితే నూనెకు మసిని మోసే శక్తి ఇంకా ఉన్నది. నడుమ కాటుక ముద్దలా నిలిచి, దాని చుట్టూ గీత గీసినట్లు ఆగిపోతే ఆ శక్తి తీరిపోయింది, గడువు రాకపోయినా మార్చండి. అంచున వెడల్పైన తేట వలయం కనిపిస్తే డీజిల్ కలిసినదేమో చూపించండి. కొత్త నూనె పోసిన మరునాడు ఒక చుక్క, తరువాత నెలకొకటి వేసి తేదీ వ్రాసి దాచితే పోల్చుకొనడానికి వీలవుతుంది. దుమ్మును, ఆమ్లాన్ని ఈ పరీక్ష పట్టదు. దానికి ప్రయోగశాల కావలె. వేడి నూనె నమూనాను శుభ్రమైన సీసాలో పంపితే ఇనుము, రాగి, ఇసుక పాళ్ళు, చిక్కదనం, మిగిలిన క్షారం లెక్క కట్టి ఇస్తారు. ఇసుక పాలు, ఇనుము పాలు కలిసి పెరిగితే గాలి ఫిల్టరు వద్ద దుమ్ము దూరుతున్నదని అర్థం. నాలుగైదు బండ్లున్నవారు ఈ పరీక్ష చేయించకుండా గడువు పెంచరాదు. చేయించి పెంచితే తప్పులేదు.

ఖర్చు సంగతి

లెక్క కోసం ఛాంబరు 20 లీటర్లు, మామూలు నూనె లీటరు 300 రూపాయలు, సింథటిక్ 600, ఫిల్టరు 1,500 అనుకొందాము. మామూలు నూనెకు ఒక మార్పిడి 7,500 రూపాయలు, సింథటిక్‌కు 13,500. మామూలు నూనెను 10,000 కి.మీ.కు మార్చే బండిలో సింథటిక్ పోస్తే అది 18,000 వరకు నిలిచినప్పుడే ఖర్చు సమానమవుతుంది. దుమ్ములో తిరిగే ఖనిజపు లారీలో అంత గడువుకు పుస్తకం ఒప్పుకొనడం అరుదు. అందుచేత నా అభిప్రాయం ఇది. పాత ఇంజను, గని పని అయితే పుస్తకం కోరిన గుర్తు గల మంచి మినరల్ నూనెను వేళకు మార్చడమే లాభం. దూరప్రయాణపు బండి, టర్బో ఉన్న కొత్త ఇంజను, వేడిలో ఘాట్లు ఎక్కే పని అయితే సింథటిక్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు. బి.ఎస్-6 బండికి మనకు ఎంపికే లేదు, పుస్తకంలో ఉన్నదే.

మినరల్ నుండి సింథటిక్‌కు మారేటప్పుడు మొదటి గడువు కొంత తగ్గించడం మంచిది. కొత్త నూనె పాత జిగురును కడిగి ఫిల్టరులోకి తెస్తుంది. పాత సీళ్ళ వద్ద కారడం కనిపించవచ్చు. జిగురు మూసి ఉంచిన కంత బయటపడింది అంతే. దారిలో మట్టం తగ్గి మినరల్ నూనె కలపవలసి వస్తే కలపవచ్చు, ఇంజను పాడవదు. కాని అప్పటినుండి గడువు మినరల్ నూనెదే అవుతుంది. నూనె మార్చి ఫిల్టరు మార్చకపోవడం మాత్రం, కుండ కడగకుండా కొత్త నీళ్ళు పోసినట్లు. ఇంజను వేడిగా ఉన్నప్పుడే ఛాంబరు నట్టు విప్పి, పూర్తిగా కారనివ్వవలె.

ఖాళీ డబ్బాను షెడ్డులో వదలివేయకండి. కల్తీ నూనె నింపి అమ్మేవారు మంచి కంపెనీల ఖాళీ డబ్బాలనే వెతుకుతారు. మూతకు, ప్రక్కకు మేకుతో రెండు చిల్లులు పొడిచి ఇవ్వండి. పాత నూనెను కాలువలో గాని చెరువు గట్టున గాని పోయవద్దు. చెదలకని దూలాలకు, పశువుల కొట్టపు కర్రలకు పూసే అలవాటు మనలో ఉన్నది. వాడిన ఇంజను నూనె మాటిమాటికి చర్మానికి తగిలితే క్యాన్సరు కారకమవుతుందని తేలింది గనుక అది మానుకోవలె. క్లీనరు కుర్రవాళ్ళు చేతులు సబ్బుతో కడుగుకొనేటట్లు చూడవలె. వాడిన నూనెను మరల శుద్ధి చేసేవారికి చేర్చే బాధ్యతను 2024 ఏప్రిల్ నుండి నూనె తయారీదార్ల మీద కూడా పెట్టారు. షెడ్డులో దానిని డ్రమ్ముకు ఎత్తుతున్నారా, మురుగులోకి వదలుతున్నారా అన్నది నూనె మార్పించే రోజున అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది. డబ్బా మూత మీ కళ్ళ ఎదుట విప్పుతున్నారా అన్నదీ అప్పుడే తెలుస్తుంది.